అల్లుడికి చెంబెడు నీళ్లు

మా నాన్న చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇది చదివాక మీరాయన్ని తిడతారు. తిట్టే హక్కు నాది, మీది కాదు.

అరవైల చివరి రోజులవి. ఆమదాలవలస దగ్గర మా పల్లె. తొలి కాన్పు పుట్టింటి బరువు కాబట్టి అప్ప, అంటే మా అక్క, మా ఇంటికే వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. పిల్ల కేరుమంది, మంత్రసాని నవ్వింది, గండం గడిచిందనుకున్నాం. కానీ అప్పకి రక్తం ఆగలేదు. తెల్లవారగానే నాటుబండిలో గడ్డి పరిచి పడుకోబెట్టి శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్లాం. పసిగుడ్డు నా ఒళ్లో ఉంది.

"రక్తం ఎక్కించాలి. ఇక్కడ సీసాల్లో నిల్వ లేదు, మీలోనే ఎవరైనా ఇవ్వాలి," అంది డాక్టరమ్మ. నాన్నది పరీక్ష చేస్తే అప్పకి సరిపడలేదు. అమ్మ ఒంట్లో అసలు రక్తమే లేదన్నారు. నాది తియ్యండని నేను ముందుకొస్తే, "నువ్వింకా పిల్లవి, పద్దెనిమిది నిండనీ," అంది. నా మీద నాకే కోపమొచ్చింది, ఇంకో రెండేళ్లు ముందు పుట్టి చావలేకపోయానని.

అంతలో బావ వచ్చాడు. కబురందగానే వరి ఉడుపుల్లోంచి అలాగే పరుగెత్తుకొచ్చినట్టున్నాడు, మోకాళ్లదాకా బురద. నాన్న ఆసుపత్రి కుళాయి దగ్గర చెంబు నింపి తెచ్చాడు. అల్లుడు వస్తే కాళ్లకి నీళ్లివ్వాలి కదా! లోపల కూతురు పోతున్నా సరే, ఇవ్వాలి. తన భుజం మీది తువ్వాలు వరండాలో పరిచి, "కూకో బాబూ, మరేటి పర్వానేదు," అన్నాడు.

నేను పిల్లకి పాలకోసం పక్క వార్డులో బాలింత దగ్గరికి వెళ్లి వచ్చాను. నర్సు నా వైపు జాలిగా చూసింది. "పాపం, మొగుడు కూడా ఊళ్లో లేడటగా. రక్తమివ్వడానికి మీ చిన్నాన్న వచ్చేదాకా ఆగమంటున్నాడు మీ నాన్న."

"ఎవరన్నారు? అదిగో, వరండాలో కూచున్నాడు!"

నాన్న నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. "నోర్ముయ్యే! కాళ్లు కడిగి పిల్లనిచ్చినాం. ఆ బాబు దగ్గిర రగతం అడుక్కోమంటావేటి? రేపు ఆల్లమ్మ ఏటంటాది? మావోడి రగతం పీల్సేసినారని ఊరంతా సెప్పదా? సిన్నాన్నకి కబురెట్టినాను, వచ్చేస్తాడు."

నాది ఊరుకునే నోరు కాదు. పిల్లని అమ్మ చేతిలో పెట్టి వరండాలోకి పరుగెత్తాను. సంగతి వినగానే బావ చొక్కా చెయ్యి మడుచుకుంటూనే లోపలికి వచ్చాడు. ఆయన రక్తం పరీక్షకి తీశారు. చిన్నాన్న ఇంకా రానేలేదు, బావది సరిపడుతుందో లేదో తేలకముందే డాక్టరమ్మ గదిలోంచి బయటికొచ్చి తల అడ్డంగా ఊపింది. సరిపడేదో లేదో ఈనాటికీ నాకు తెలీదు.

బావ ఏడవలేదు. నాన్న వైపు తిరిగి, "మావా, నన్నొక్క మాట అడగనేదేటి?" అన్నాడు. అంతే. ఆ తర్వాత పిల్లని చూడ్డానికి మా ఇంటికి వచ్చేవాడు గానీ, నాన్న అందించిన చెంబు ఎప్పుడూ తీసుకోలేదు. తనే నుయ్యి దగ్గరికెళ్లి తోడుకునేవాడు.

నాకు పద్దెనిమిది నిండిన ఏడాది బావే వచ్చి చెప్పాడు, అదే ఆసుపత్రిలో అడక్కుండానే వచ్చి ఇచ్చేవాళ్ల దగ్గర రక్తం తీసుకుని దాస్తున్నారని. ఎగిరి గంతేసి బయల్దేరాను. అమ్మ లబోదిబోమంది. "ఓలమ్మో, పోయిన రగతం మల్లొస్తాదేటే? పెళ్లి కావాల్సిన దానివి!" అంటూనే వెనక వచ్చింది. నాన్న కూడా వచ్చాడు, వరండా దాటి లోపలికి మాత్రం రాలేదు.

డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టింది. తిన్నావా అని అడిగింది, బరువు చూసింది, వేలు మీద సూదితో పొడిచి ఒక చుక్క పరీక్ష చేసింది. పోయిన రక్తం ఒంట్లో మళ్లీ ఊరుతుందని అమ్మకి ఓపిగ్గా చెప్పింది. "అడగడానికి మీ వాళ్లకి నామోషీ. సీసా ముందే ఇక్కడుంటే ఏ తండ్రీ ఎవర్నీ అడగక్కర్లేదు కదా," అంది నాతో. ఇల్లు కాలాక నుయ్యి తవ్వడం మా ఇంట్లో అయిపోయింది. ఇంకొకరింట్లోనైనా కాకూడదనిపించింది.

నేనొక బల్ల మీద, బావ ఇంకో బల్ల మీద పడుకున్నాం. చీమ కుట్టినట్టయింది. గాజుసీసా నిండింది. దూది పెట్టి చెయ్యి మడవమన్నారు, కాఫీ ఇచ్చారు.

అమ్మ ఆ సీసానే చూస్తోంది. "ఇంతేనేటే?"

"ఇంతేనమ్మా."

"ఇంతేనా?" అని మళ్లీ అడిగి, కొంగు నోట్లో కుక్కుకుని వరండాలోకి వెళ్లింది. ఆవిడ గొంతు మాకు వినబడింది. "సీసాడేనయ్యా! సీసాడు రగతం కాడ ఒగ్గేసినాం నా తల్లిని!"

నాన్న లోపలికి వచ్చాడు. చేతిలో చెంబు ఉంది. బావ ముందు నిలబడి రెండు చేతులతో చాపాడు. బావ చెంబు అందుకుని తాగాడు.

"అడగవలిసింది బాబూ," అన్నాడు నాన్న.