బావ చేతిలోని వైద్యం ముక్క

అక్కకి కిడ్నీ మార్చిన సంగతి గురించి నన్ను ఇంతవరకు ఎవరూ ఏమీ అడగలేదు. ఇచ్చిన అన్నయ్యను అడిగారు, తీసుకున్న అక్కను అడిగారు, ఆసుపత్రికీ ఇంటికీ మధ్య తిరిగిన బావ చేత పెళ్ళిళ్ళలోనూ పేరంటాలలోనూ ఆ కథ చెప్పించుకుని విన్నారు. నేను కూడా అక్కడే ఉన్నానని, ఆ తీర్పు జరిగిన బల్ల మీద నాది కూడా ఒక చెయ్యి అని ఎవరికీ గుర్తులేదు. ఇక ఎవరో అడుగుతారని ఎదురుచూడటం మానేసి నేనే రాస్తున్నాను.

పోయిన ఆదివారం అక్క వాళ్ళింటికి వెళ్ళాను. విశాఖలో చదువుకుంటున్న మా మేనకోడలు సెలవులకి వచ్చి, నట్టింట్లో చాప మీద కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఏదో ఆడుతోంది. తెర మీద ఒక పాడుబడ్డ కోట, నేలంతా గళ్ళు, గళ్ళలో కత్తులూ విల్లులూ పట్టుకున్న మనుషులు, కింద వరుసగా పేకముక్కలు, పక్కన ఒక పాచిక. నేను వంగి చూస్తుంటే “మావయ్యా, ఇది నీకు అర్థం కాదులే” అంది. “డాలు పట్టుకున్నోణ్ణి వెనక్కి తెచ్చీసినావేటి, ముందర నిలబెట్టు” అన్నాను. పిల్ల తలెత్తి నన్ను చూసింది, నేను బావను చూశాను. అరుగు మీద ఉల్లిపాయలు ఏరుతున్న బావ ఆ మాట వినగానే లేచి, మోటారు కట్టేసి వస్తానని తోటలోకి వెళ్ళిపోయాడు. అప్పుడు ఊరంతా కరెంటు లేదు.

ఆ పిల్లకి వాళ్ళ నాన్న ఎప్పుడూ చెప్పలేదన్నమాట. అంత ఆట ఆడిన మనిషి కన్న కూతురికి ఒక్క ముక్క చెప్పలేదు. అది కూడా నేను గుర్తుపెట్టుకున్నాను.

నా ఈడు వాళ్ళకి నెట్ సెంటర్ల కాలం తెలుసు. కాశీబుగ్గలో బస్టాండు దాటాక మేడ మీద నాకు అలాంటి సెంటరు ఒకటి ఉండేది. పరీక్షల ఫలితాలు వచ్చే రోజుల్లో మెట్ల మీద నిలబడటానికి చోటు ఉండేది కాదు, మిగతా రోజుల్లో పలకరించే నాథుడు ఉండేవాడు కాదు. ఆ మిగతా రోజుల్లోనే ఆ ఆట నాకు అలవాటైంది. మనకి ఐదేసి ముక్కలు పంచుతుంది, కొట్టే ముక్క, కాచుకునే ముక్క, మంత్రం ముక్క, దెబ్బ తిన్నవాళ్ళకి ప్రాణం నింపే వైద్యం ముక్క. ముక్క వేశాక పాచిక తిరుగుతుంది, పాచిక మీద పడ్డ అంకె ముక్క బలానికి కలుస్తుంది. ఎవర్ని ఏ గడిలో నిలబెట్టాలి, ఏ ముక్క ఇప్పుడు వెయ్యాలి, ఏది దాచుకోవాలి అన్నదే అందులో తెలివంతా. ఇంగ్లీషులో ఉన్న ఆ పేర్లన్నీ తెలుగు చేసి, అన్నయ్యకీ బావకీ కూర్చోబెట్టి నేర్పింది నేను. తర్వాత్తర్వాత అన్నయ్య తనే నాకు నేర్పినట్టు చెప్పుకుంటూ తిరిగాడు. అది వేరే సంగతి.

ఆ రోజుల్లోనే అక్క ఒళ్ళు ఉబ్బడం మొదలైంది. ఉద్దానంలో పుట్టినవాళ్ళకి ఆ ఉబ్బు ఏమిటో డాక్టరు చెప్పనక్కర్లేదు, మా వజ్రపుకొత్తూరు వైపు ఊళ్ళల్లో ఏ వీధికి వెళ్ళినా అది చూసినవాళ్ళే. రోజు విడిచి రోజు పలాసలో డయాలసిస్. అక్కను లోపల మంచం మీద పడుకోబెట్టి, గొట్టాలు తగిలించి, తలుపు వేసేసేవారు. ఇక మాకు వరండాలో బల్ల మీద కూర్చోవడం తప్ప పని లేదు. జీడి ఫ్యాక్టరీలో పని చేసే బావ సెలవు పెట్టి వచ్చేవాడు, అన్నయ్య తోట వదిలి వచ్చేవాడు, నేను సెంటరుకి తాళం వేసి నా పాత ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చేవాణ్ణి. దానికి ఛార్జింగు నిలవదు, అందుకని గోడకి ప్లగ్గున్న బల్లే మాకు కావాలి. లోపల ఆ యంత్రం చప్పుడు వినలేక, ఒకరి మొహం ఒకరు చూడలేక, ముగ్గురం ఒకే మౌసు మార్చుకుంటూ ఆ కోటలో గది తర్వాత గది దాటుకుంటూ పోయాం.

నాది డాలు మనిషి. అడిగి ఇచ్చింది కాదు, నా నెత్తిన పెట్టింది. అన్నయ్యకి విల్లు కావాలి, దూరంగా స్తంభం చాటున నిలబడి కొట్టడం ఆయనకి సరదా. బావది మందుల ముసలమ్మ. పాచిక తిప్పే ముందు నిజం పాచికను పట్టుకున్నట్టు వేళ్ళు దగ్గర పెట్టుకుని ఊదుకుని, అప్పుడు మౌసు నొక్కేవాడు. “ఊదితే కంప్యూటరుకి తెలుత్తాదేటి బావా?” అని అన్నయ్య ఎగతాళి చేస్తే, “దానికి తెల్దు గానీ నా గుండెకి తెలుత్తాది, నువ్వూరుకో” అనేవాడు. ప్రతి గదిలోనూ ముందు నడిచి దెబ్బలన్నీ తిన్నది నా మనిషి. గది గెలిచాక అన్నయ్య బాణం గురించి మాట్లాడుకునేవారు.

అలా ఉండగా విశాఖ డాక్టరు కిడ్నీ మార్చేస్తే మంచిదన్నారు. బావది రక్తం కలవలేదు. అన్నయ్యదీ నాదీ రెండూ సరిపోయాయి. ఇద్దర్లో ఎవరో మీ ఇంట్లో మాట్లాడుకుని చెప్పండి అన్నారు. ఆ ఒక్క మాటతో మా ఇంట్లో గొడవ పుట్టింది. వెనక్కి తగ్గే గొడవ కాదు, నేనిస్తానంటే నేనిస్తానని. తోటలో బరువులు మోసే మనిషివి నువ్వెలా ఇస్తావని నేను. “నీ పెళ్ళానికి నెలలు నిండినాయి, నాను పెద్దోణ్ణి ఉండగా నువ్వెవుడివిరా?” అని అన్నయ్య. వదిన కంచాలు కొంచెం గట్టిగా పెట్టేది. బావ ఇద్దరి మాటా వింటూ గోడకి ఆనుకుని కూర్చునేవాడు. భార్య ప్రాణం మా ఇద్దరి మొండితనం మధ్య ఆగిపోయి ఉంటే ఆయనకి ఎలా ఉండేదో నాకిప్పుడు తెలుస్తోంది గానీ, అప్పుడు నాకు నా మాట నెగ్గడమే కావాలి.

చివరికి ఒక రోజు డాక్టరు దగ్గర్నుంచి ఫోను వచ్చింది, సాయంత్రానికల్లా పేరు చెప్పమని. అప్పుడు మేం ముగ్గురం ఆ వరండాలోనే ఉన్నాం. ఆటలో ఆఖరి గది తలుపు దగ్గర ఆగి ఉన్నాం. మా వైపు తోటలు పంచుకునేటప్పుడు అన్నదమ్ములు చీట్లు వేసుకుంటారు. చీటీ తీశాక ఎవరికి ఏ నేల చెక్క వచ్చినా నోరెత్తకూడదు, ఎత్తితే ఊళ్ళో మనిషిగా చూడరు. ఆ అలవాటు చొప్పునే అన్నయ్య ఆ మాట అన్నాడు. “చీట్లెందుకురా, ఇదే ఏసీద్దాం. ఆకర్న ఎవుడి మడిసి నిలబడితే ఆడే ఇత్తాడు. ఇద్దరూ నిలబడితే ఎవుడి పేణం ఎక్కువ మిగిల్తే ఆడు. మరింక మాటాడకూడదు.” నేను వెంటనే ఒప్పుకున్నాను. డాలు మనిషికి అందరికంటే ప్రాణం ఎక్కువ, గెలిచేది నేనేనని నాకు తెలుసు. బావ అక్క ఉన్న గది తలుపు వైపు ఒకసారి చూసి, మౌసు అందుకున్నాడు.

ఆఖరి గదిలో ఉండేది ఒక నల్ల రాక్షసి. దాని పద్ధతి ఒకటే, తనకి ఎవరు దగ్గరగా ఉంటే వాళ్ళనే కొడుతుంది. నేను ఎదురుగా నిలబడ్డాను. అన్నయ్య స్తంభం వెనక, బావ ముసలమ్మ గుమ్మం దగ్గర. కాచుకునే ముక్కలన్నీ ఒక్కొక్కటే వేసుకుంటూ వచ్చాను. పక్క బల్ల మీద ఎవరి తాలూకు మనుషులో టిఫిన్ డబ్బా మూత పెట్టడం మర్చిపోయి మా తెర వైపే చూస్తున్నారు. రాక్షసి ప్రాణం తగ్గుతోంది, నాదీ తగ్గుతోంది. అంతలో అది గదంతా మంట కక్కింది. ముగ్గురికీ తగిలింది. దాని తర్వాత నా మనిషికి ఒక్క దెబ్బ తట్టుకునే ప్రాణం లేదు, అన్నయ్య మనిషికీ అంతే. తేడా ఏమిటంటే అన్నయ్య స్తంభం చాటున ఉన్నాడు, నేను దాని కాళ్ళ దగ్గర ఉన్నాను. నా చేతిలో కాచుకునే ముక్క లేదు. బావకి పంచిన ఐదు ముక్కల్లో వైద్యం ముక్క ఒకటి ఉంది. ఒక్కటే.

“బావా, నా మీద ఎయ్యి” అన్నాను. “దగ్గరున్నోణ్ణే కొడతాది. నాను పడిపోతే మరెవుడూ ఆగడు.”

అన్నయ్య కూడా, చెప్పుకోవాలి, నిజమే అన్నాడు. “ఆడి మీదే ఎయ్యి బావా. ఇప్పుడు నాకేటీ అవ్వదు.”

బావ ఆ ముక్క పట్టుకుని నా మనిషి మీదకి తెచ్చాడు. అక్కడ ఆపాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఆ చెయ్యి బల్ల మీద కదిలింది, ముక్క గళ్ళు దాటుకుంటూ స్తంభం వెనక్కి వెళ్ళింది, అన్నయ్య మనిషి మీద పడింది. ఆ రోజు పాచికకి ఊదలేదు. “ఏటి సేసీసినావు బావా!” అన్నాను. పక్క బల్ల వాళ్ళు కూడా అయ్యో అన్నారు. తర్వాతి దెబ్బకి నా మనిషి పడిపోయాడు. అన్నయ్య బాణం ముక్క వేశాడు, ఆరు పడింది, రాక్షసి కూలింది. గెలుపు బాజా ఆసుపత్రి వరండాలో మోగుతుంటే నర్సమ్మ వచ్చి తిట్టి, ఆపించింది. బావ ల్యాప్‌టాప్ మూసేసి, మెట్ల దగ్గరికి వెళ్ళి, డాక్టరుకి ఫోను చేసి అన్నయ్య పేరు చెప్పాడు.

నోరెత్తకూడదన్న మాట ఇచ్చాను కాబట్టి అప్పుడు ఎత్తలేదు. ఆపరేషన్ అయింది, అక్క బాగుంది, అన్నయ్య బాగున్నాడు, నాకు కూతురు పుట్టింది. అందరూ క్షేమంగా ఇంటికి చేరాకే నేను బావను అడిగాను. వేలు జారిందన్నాడు. ఏడాది పొడవునా ఒక్కసారి జారని వేలు. మరోసారి అడిగితే, నాకా ఆట ఎప్పుడు సరిగ్గా తెలిసింది గనక అన్నాడు. ఆటలో ఆరితేరిన మనిషి. ఇంకోసారి అడిగితే “ఒగ్గీరా, అయిపోనాది కదా” అని టీ కొట్టు వైపు నడిచాడు. జారిన వేలుకీ, తెలియని ఆటకీ పొంతన లేదు. ఒక ప్రశ్నకి రెండు జవాబులు చెప్పినవాడి దగ్గర అసలు జవాబు ఇంకొకటి ఉంటుంది.

తర్వాత అన్నయ్య కొత్త ఇంట్లో పాలు పొంగించిన రోజు, భోజనాల దగ్గర ఎవరో చుట్టాలావిడ అక్కను నీది అదృష్టమమ్మా అంది. అక్క విస్తరి ముందు కూర్చుని నవ్వుతూ, “పెద్దోడిచ్చినాడు కాబట్టి సుకంగున్నాను. సిన్నోడిచ్చుంటేనా, ఉప్పెక్కువైనా తక్కువైనా ‘నా కిడ్నీ ఎట్టుకోని ఇలాగ వండుతావేటే’ అనీవోడు. సచ్చేదాకా సెప్పుకునీవోడు” అంది. పంక్తి అంతా నవ్వింది. సాంబారు వడ్డిస్తున్న బావ నవ్వలేదు, గబగబా పక్క వరుసలోకి వెళ్ళిపోయాడు. నేను కూడా నవ్వాను. నవ్వి, సగం తిన్న విస్తరి మడిచి లేచాను. అక్క వెనకాలే పెరట్లోకి వచ్చి “ఆసికానికన్నానురా, మనసులో ఎట్టుకోకు” అంది. నేను చేతులు కడుక్కుని బండి తీశాను.

నేను అన్నీ గుర్తుపెట్టుకునే మనిషిననే మాట నిజమే. ఎవరు నన్ను పిలవలేదో, ఎవరు పిలిచి పలకరించలేదో నాకు తెలుసు. కానీ అక్కకి నా ఒంట్లోది ఇచ్చి, ఆ మాట ఆమెతో అనేంత నీచుణ్ణా? అనేవాణ్ణి కాదు. అనేవాణ్ణి కాదని చూపించుకునే అవకాశం నాకు ఇవ్వలేదు, అదే నా బాధ. ఇప్పుడు మా ఊరికి కిడ్నీ పరీక్షల బండి వచ్చినప్పుడల్లా నేనూ రక్తం ఇస్తాను. రెండూ బాగున్నాయి, అదృష్టవంతులు అంటారు. ఇస్తానన్న వస్తువును అక్కర్లేదని తిప్పి పంపితే, అది ఇంట్లో భద్రంగానే ఉందని ఎవరో వచ్చి చెప్పినట్టు ఉంటుంది నాకు ఆ మాట.

ఇప్పుడు నా సెంటరు లేదు, ఆ మేడ మీద బట్టల కొట్టు పెట్టారు. తుఫానుకి పడిపోయిన మా కొబ్బరి చెట్ల చోట వేసిన మొక్కలు తలెత్తుకు చూడాల్సినంత ఎదిగాయి. మొన్నామధ్య తెలిసినవాళ్ళ కోసం అదే డయాలసిస్ వరండాకి వెళ్ళాను. బల్లలు మారాయి, ప్రతి మనిషి దగ్గరా ప్లగ్గు ఉంది, ప్రతి చేతిలో ఫోను ఉంది, ఎవరి ఆట వాళ్ళు ఆడుకుంటున్నారు. పక్కవాడి ముక్కలేమిటో ఎవరికీ అక్కర్లేదు, పక్కవాడు పడిపోతాడేమోనని ఎవరూ అయ్యో అనరు. అన్నయ్యా, బావా, నేనూ ఆ ఆఖరి గది తర్వాత మళ్ళీ ఒక బల్ల మీద కూర్చుని ఏ ఆటా ఆడలేదు. ముగ్గురం మా ఊళ్ళోనే, పిలిస్తే పలికేంత దూరంలోనే ఉన్నాం.

బావా, ఇది అచ్చయితే నువ్వు చదువుతావని నాకు తెలుసు. నేను కోపంతో అడగడం లేదు. కడుపుతో ఉన్న నా భార్యను తలుచుకుని నా మీద జాలి పడ్డావా? అలాగైతే ఆ జాలి నాకు ఇన్నేళ్ళూ ఎందుకు దాచావు? లేక నేను ఎత్తిపొడుస్తానని భయపడ్డావా? లేక ఆ మధ్యాహ్నానికి ముందే, ఎప్పుడో ఒకప్పుడు, తమ్ముడిది మాత్రం నాకు వద్దని అక్క నీతో అందా? ఈ మూడింట్లో ఏది నిజమైనా ఓర్చుకుంటాను, అక్కను ఒక్క మాట అనను. వేలు జారిందని మాత్రం మళ్ళీ చెప్పకు. ఇంటికి రా, నా ఎదురుగా కూర్చో, ఎందుకు వేశావో చెప్పు.