పెరుగన్నం తిన్న పిల్లి

ధర్మవరం నేతగాడు తిప్పన్న తన యాభై ఎనిమిదేళ్ల జీవితంలో మాంసం ముట్టి ఎరుగడు. అతని తాత గురువు వద్ద దీక్ష గైకొన్న నాటినుండి ఆ ఇంటి పాత్రలకు నీచు సోకలేదు. తెల్లవారుతూనే స్నానం, నొసట విభూతి, మగ్గానికొక నమస్కారం. ఆ పిమ్మటనే అతడు మగ్గం కింది గుంటలోకి కాళ్లు దించేవాడు.

నాలుగేళ్ల క్రితం వరకు ఆ ఇంట ఉండిన పిల్లి ఒకనాడు పెళ్లిచీర పడుగుపోగుల మీదనే ఎలుకను చంపింది. లేతపసుపు పట్టుకు నెత్తుటిమరక అంటింది. తిప్పన్న దానిని తోటలో విడిచివచ్చాడు. అయితే పిల్లి లేని ఇంట ఎలుకలు పట్టును బ్రతకనివ్వవు. అందుచేత అతడు పెనుకొండలోని అక్కగారింటి నుండి ఒక ఆడపిల్లికూనను సంచిలో పెట్టుకుని తెచ్చాడు. తులసి అని పేరు పెట్టి, మెడకు చిరుగంట కట్టాడు. పిల్లి వాసనకు, గంట సవ్వడికి ఎలుకలు దూరం తొలగితే చాలును. చంపే పని లేదు. వీధిలోకి పోతే ఏమి తినునో అని తలుపులు మూసి పెంచాడు. రెండు పూటలా పెరుగన్నం, నడుమ పాలు, పండుగనాడు నేతితో పప్పన్నం. సోమవారం ఒంటిపూట ఉపవాసం అతనితోపాటు దానికీ తప్పేది కాదు.

పిల్లి నెమ్మదిగా పెరిగింది. అరవదు, గీరదు, ఎగిరి దూకదు. చీరలు చూడవచ్చినవారు విస్తుపోయేవారు. "ఏమప్పా తిప్పన్నా, నీ పిల్లి గూడా దీక్ష తీసుకున్యాదా ఏంది?" అని ఒకరంటే, "పోయిన జన్మలో యా సన్నాసో" అని మరొకరనేవారు. తిప్పన్న నవ్వి ఊరకుండేవాడు గాని, లోలోపల ఆ మాట అతనికి ప్రసాదంలా తియ్యగా ఉండేది. సాత్త్వికాహారం క్రూరజాతినైనా మార్చగలదనడానికి తన ఇంటిలోనే సాక్ష్యం దొరికిందని అతని విశ్వాసం.

ఈ శ్రావణంలో ఆ సాక్ష్యం మగ్గపు స్తంభానికి ముఖం కొట్టుకుంది. మరునాడు గుంటలో పడింది. వెలుగులో సైతం దాని కనుపాపలు కుంచించుకోక, నల్లని గుంటలవలె తెరుచుకొనే ఉన్నాయి. నాలుగడుగులు వేస్తే చాలు, ఆయాసపడి కూలబడుతున్నది. తిప్పన్న దానిని బుట్టలో పెట్టుకుని పశువైద్యశాలకు పోయాడు. వైద్యురాలు మాధవీలత దాని కన్నులలోకి దీపం వేసి చూసి, చాలాసేపు గుండె విని, అడిగింది:

"ఏం పెడతాండారు పెద్దాయనా?"

"పెరుగన్నం తల్లీ. మేం తినేదే. ఒక్క పూట తక్కువ చేయలా."

"మాంసం?"

"రామరామ! మా ఇంట్లో అది లేదు."

ఆమె నెమ్మదిగా చెప్పింది. "కుక్కైతే అన్నం, పప్పుతో ఎట్లో నెట్టుకొస్తాది. పిల్లి అట్ల కాదు. దాని కంటికి, గుండెకు టారిన్ అని ఒక పదార్థం కావల్ల. అది మాంసంలో, చేపలో ఉంటాది గానీ అన్నంలో లేదు, పాలల్లో చాలదు. ఎలుకలు పట్టుకొని తినుంటే దానికదే దొరికేది. కండ్లు ఇంక రావు. గుండె నిలబడొచ్చు, ఈ పొద్దునుంచే పెడితే."

మాత్రలు వ్రాసి, ఆమె క్రమం చెప్పింది: ఎముక లేని చేప, కోడి గుండెకాయ మెత్తగా ఉడికించాలి, ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి తగలరాదు, ఉడికిన నీటిని పారబోయక అందులోనే కలపాలి. అది చేతకాకుంటే పిల్లులకోసమే తయారైన మేత తేవచ్చు. అందులోనూ ఉన్నది మాంసమే.

ఇంటిలో ఆ మాట చెప్పగా భార్య రామక్క చీపురు కింద పెట్టి లేచింది. "నీ పిల్లి బతకల్ల, నేనొద్దనను. నా పొయ్యి మీద మాత్రం కాదు. నా గిన్నెలు ముట్టొద్దు."

తిప్పన్న రెండు రోజులు పెరుగన్నమే పెట్టాడు. మాత్రలు పొడి చేసి కలిపాడు. పిల్లి వాసన చూసి ముఖం తిప్పుకున్నది.

మూడవనాడు పట్టునూలు కోసం హిందూపురం పోవలసి వచ్చింది. నూలు తీసే కుళ్లాయప్ప షెడ్డులో వేడినీటి తొట్టెలమీద పట్టుగూళ్లు తేలుతున్నాయి. పోగు విడిచిన గూళ్లలోని పురుగులు ఉడికి, గోధుమరంగు కుప్పగా గోడవార పడి ఉన్నాయి. ఆ వాసన తిప్పన్నకు ముప్పై ఏళ్లుగా తెలిసినదే. ఎన్నడూ ముక్కు మూసుకొన్నవాడు కాడు. పిల్లి సంగతి విని కుళ్లాయప్ప పకపక నవ్వాడు.

"ఏమబ్బా! ఒక్క చీరకు ఎన్ని వేల పురుగులు ఉడికినాయో నీకు తెల్దా? పెండ్లికూతురు కట్టుకుంటే లేని పాపం, పిల్లి తింటే వచ్చిందా?"

"అది మా కులవృత్తి కుళ్లాయప్పా."

"ఎలుకను తినేది పిల్లి కులవృత్తి. నువ్వు మానిపిస్తివి. చూసుకో ఇప్పుడు."

తిరుగు ప్రయాణంలో, బస్సు పెనుకొండ దాటేవరకు తిప్పన్న నూలుమూటను ఒడిలోనుండి దించలేదు. ఏ ప్రాణికి ఏ ఆహారమో ముందుగానే విధించిన ఈశ్వరుని కంటె తాను ఇన్నాళ్లూ ఎక్కువ తెలిసినవాడనుకొన్నాడు. పుణ్యం తనది, వ్రతం పిల్లిది, చూపు పోయినది దానికే.

ధర్మవరంలో దిగి, జీవితంలో మొదటిసారిగా చేపల అంగడి ముందు నిలిచాడు. నొసటి విభూతిని చూసి చేపలమ్మే ఆమె, "సామీ, దారి తప్పినారా?" అన్నది. అతడు వేలితో ఒక చేపను చూపాడు.

పెరటిలో మూడు రాళ్లు పేర్చి, కొత్త మట్టిచట్టిలో ఉడికించాడు. ముక్కుకు తువాలు కట్టుకున్నాడు. ఎముకలు ఏరి, చల్లార్చి, అరచేతిలో పెట్టుకుని తులసి ముఖం దగ్గర పట్టాడు. పిల్లి కదలలేదు. తరువాత దాని ముక్కు వణికింది. గొంతులోనుండి ఒక గుర్రు వెలువడింది, బొంగురుగా, కోపంగా. ఆ గొంతు అతడు నాలుగేళ్లలో ఒక్కసారి కూడా వినలేదు. గుడ్డిది గనుక ముక్క ఏదో, వేలు ఏదో దానికి తెలియలేదు. చూపుడువేలిని కసుక్కున కొరికింది. నెత్తురు కారింది. అతడు చేయి వెనుకకు తీయలేదు. చేపనీళ్లతోపాటు ఆ నెత్తురునూ నాకి, పిల్లి ఇంకా కావాలని అరచేతిని గీరింది.

గడప దగ్గర నిలిచిన రామక్క కేక వేసింది. "నెత్తురొస్తాండాది! చెయ్యి తియ్యి!"

"సాధువనుకుంటిమి రామక్కా," అన్నాడు తిప్పన్న. "అరిచేకి సత్తువ లేక ఊరకున్యాది. నాలుగేండ్లు పస్తున్యాది, మన ఇంట్లో."

గాయపడిన వేలు పట్టుపోగును తాకరాదు. ఆసుపత్రిలో సూది వేయించుకుని వచ్చి, వారం రోజులు అతడు మగ్గం ఎక్కలేదు. పొద్దున, సాయంత్రం పెరటిలో పొయ్యి రాజేసి, చట్టి దించి, మరల స్నానం చేసేవాడు. పదిహేనవనాడు మాధవీలత గుండె విని, కొంత నయమన్నది, ఎన్నాళ్లో చెప్పలేనన్నది. అతడు బుట్ట చంకనెత్తుకుని చేపల అంగడి వైపు నడిచాడు.