బుట్ట మీద ఆనిన మోచేతులు

2025 జూన్ 2, సోమవారం, ఉదయం తొమ్మిదీ పదికి యానాంలో ఫిజియోథెరపీ గదిలో రిపోర్టు చేశాను. ఎండ అప్పటికే మండుతోంది. ఆటో నుంచి గుమ్మానికి ఇరవై రెండు అడుగులు. రెండుసార్లు ఆగాను.

సైన్యంలో ఇరవై ఏళ్లు నర్సుగా చేసి మేజరుగా దిగినదాన్ని. ఇప్పుడు డెబ్బై రెండు. మంచుకొండల్లో రెండు చలికాలాలు కిరసనాయిలు పొయ్యిల పక్కన వార్డు కాశాను. ఊపిరితిత్తుల జబ్బు దానివల్లే అని డాక్టరు చెప్పలేదు, నేనూ రాయను. ఆయన ఆదేశం ఇది: ఆరు వారాల శిక్షణ. చివరిరోజు ఆరు నిమిషాలు ఆగకుండా నడిస్తే నా ఇంట్లో నేను ఒంటరిగా ఉండవచ్చు. లేకపోతే ఇంటికి తాళం వేసి కాకినాడలో తమ్ముడింటికి వెళ్లాలి.

సామగ్రి: చేతిగడియారం, నోట్‌బుక్కు, స్ప్రింగు ఉన్న జానెడు గొట్టం. నోట పెట్టి పీలిస్తే స్ప్రింగు ఎదురుతిరుగుతుంది. ఫిజియో వివరించింది. పాత గాలి ఛాతీలో నిలవుండి, పొట్టకు పైనున్న ఊపిరి కండరం అణిగిపోతుంది. దాని చాకిరీ మెడ కండరాల మీద పడుతుంది. పూటకు ముప్పైసార్లు పీల్చాలి, రెండు పూటలు.

ముప్పై నాకు తక్కువనిపించింది. తొంభై చేశాను, మూడు పూటలు. ఐదోరోజుకి తల దువ్వుకోవడానికి చెయ్యి లేవలేదు.

"ఇది పరేడ్ కాదు మేడమ్. ఆ కండరానికీ సెలవు కావాలి. రెండు రోజులు గొట్టం ముట్టుకోవద్దు" అంది ఫిజియో.

ఆ రెండు రోజులూ బెంచీ మీద కూర్చుని తోటి రోగిని గమనించాను. నూకాలమ్మ, పక్కనున్న దరియాలతిప్ప ఊరి నుంచి వస్తుంది. పొద్దున్నే చేపలమ్మి, ఖాళీ బుట్టతో దిగేది. ఆయాసం వస్తే పోట్లాడేది కాదు. బుట్ట ఒళ్లో బోర్లించి, మోచేతులు ఆనించి ముందుకు వంగి, పెదాలు సున్నాలా చుట్టి సన్నగా ఊదేది.

"ఎవరు నేర్పారు?"

"ఇదీ నేర్పాలాండీ? పొయ్యి ఊదడమే కదండీ మేజరమ్మగారూ. గట్టిగా ఊదితే బూడిద మొహాన పడద్ది. నెమ్మదిగా ఊదితే నిప్పంటుకుద్ది. మీరు తుపాకీ పేల్చినట్టు ఊదుతున్నారు."

ఫిజియో నవ్వింది. "మేం చెప్పబోయే పాఠం ఇదేనండి."

ఆ సెలవు ముగిశాక ముప్పైకి ముప్పైయే పీల్చాను. మిగిలిన టైములో పొయ్యి ఊదాను.

జూలై 12, శనివారం, పదీ పావు. బయట వాన. నడక ముప్పై మీటర్ల వరండాలో. నాలుగో నిమిషంలో మెడ బిగుసుకుంది. చెయ్యి గోడవైపు వెళ్లింది.

"మేజరమ్మగారో! గోడ మీకేమన్నా సుట్టమా? వదిలెయ్యండి. ఊదండి!"

వదిలేశాను. రెండడుగులకి పీల్చాను, నాలుగడుగులకి ఊదాను. నెమ్మదించాను గాని ఆగలేదు. ఆరు నిమిషాలు, 264 మీటర్లు.

తర్వాత నూకాలమ్మ వంతు. మూడో నిమిషంలో కూలబడింది. ఇక బుట్ట నెత్తికెత్తవద్దన్నారు డాక్టరు. నూకాలమ్మ ఖాళీ బుట్టను ఒళ్లోకి లాక్కుంది.

"బుట్ట దిగితే దిగింది. నోరు దిగలేదు కదా. కూకుని అమ్ముతాను. మీరు రండి, బేరం మాత్రం ఆడకండి."

పదకొండున్నరకు ఇంటికొచ్చాను. తాళం నేనే తీశాను. అది ఆమె చలవ. శనివారం శనివారం మార్కెట్టుకు నడిచి వెళ్తున్నాను. బేరం ఆడను.

మంచుకొండలు కలలోకి కూడా రావు. కళ్లు మూస్తే ఆ బోర్లించిన బుట్టే, దానిమీద ఆ రెండు మోచేతులే.

పోయినవి: నా బరువులో నాలుగు కిలోలు. నా ఊపిరిలో సగం, తిరిగి రాదు. మేడమీది గది, మెట్లెక్కలేను. నూకాలమ్మ నెత్తిమీది బుట్ట, ఒకటి.