వెలుతురు సాల్లేదబ్బా

తిరుపతిలో ఫోటో స్టూడియో నడిపే కుప్పయ్యకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. మీ గడ్డం కింద వెలుతురు కొలిచే మీటరు పెట్టనిదే ఫోటో తీయడు. పెట్టాక కూడా తీయడు. గుప్పిట్లో పట్టేంత ఆ పరికరంలోని ముల్లును చూసి, పెదవి విరిచి, "వెలుతురు సాల్లేదబ్బా" అంటాడు.

ఒకసారి మే నెల మిట్టమధ్యాహ్నం ఒక వకీలును మేడమీద కూర్చోబెట్టి ఇదే మాట అన్నాడు. నెత్తి మాడిపోతున్న వకీలు, "ఇంతకన్నా వెలుతురంటే సూర్యుడింటికే పోవాలప్పా!" అని అరిచాడు. "కుర్చీ రవ్వంత జరపండి, సూస్తాం" అంటూ కుప్పయ్య ఆయన ఊరు, పంట, అత్తగారి పోరు అన్నీ కనుక్కున్నాడు. ఇలా బస్సులు తప్పినవాళ్లు కోకొల్లలు. అయినా మళ్లీ ఆ స్టూడియోకే వచ్చేవాళ్లు.

1998లో పూతలపట్టు బడిపంతులు మునిచంద్రకు అలాంటి మీటరు అవసరం పడింది. రిటైరైన హెడ్మాస్టరు ఒకరు ఆయనకు రెండు లెన్సుల కళ్లున్న తన పాత కెమెరా ఇచ్చారు. దానికి వెలుతురు కొలిచే తెలివి లేదు. పైగా తొందర. సోమవారం వాళ్లమ్మ నాగులమ్మకు ఉన్న నాలుగు పళ్లూ పీకేసి కట్టుడుపళ్లకు కొలతలు తీస్తారు. వంకర ముందుపన్నుతో ఆమె నవ్వే నవ్వంటే మునిచంద్రకు ప్రాణం. ఆ నవ్వు ఒక్క ఫోటోలోనూ లేదు. కెమెరా కనబడితే చాలు, ఆమె మూతి బిగుసుకుపోతుంది. కొడుకు పెళ్లి ఫోటోలో కూడా ఎవరో తిట్టినట్టే నిలబడింది.

శనివారం మునిచంద్ర తిరుపతికి వచ్చి, కుప్పయ్యను వెంటబెట్టుకుని, పాత సామాన్లమ్మే వెంకటరమణ దుకాణానికి పోయాడు. అక్కడ పాత మీటర్లు మూడు ఉన్నాయి.

"అరచేత్తో మూస్తే ముల్లు పడాల, తీస్తే లేయాల. లేయలేదంటే సచ్చిందని లెక్క, అయ్యవారూ" అని కుప్పయ్య పరీక్ష నేర్పాడు.

మొదటిదాని ముల్లు మూసినా తీసినా కదల్లేదు. రెండోది గుమ్మంలోనూ బల్లకిందా ఒకే వెలుతురు చూపించింది. మూడోది బాగుంది గానీ, ధర వినగానే మునిచంద్ర దాన్ని మెల్లగా కింద పెట్టేశాడు.

"మీటరుకు పెండ్లిచూపులు జేస్తా ఉండావా అన్నా?" అని వెంకటరమణ విసుక్కున్నాడు.

"ఏమీ వద్దు. రేపు నేనే నా మీటరు తీసుకొని వస్తా" అన్నాడు కుప్పయ్య ధీమాగా.

ఆదివారం పొద్దున కుప్పయ్య మునిచంద్ర ఇంటి వాకిట్లో కెమెరా నిలబెట్టి, తానే అన్నీ సరిచేశాడు. "నేను తల గోక్కుంటే నొక్కు" అని మునిచంద్ర చెవిలో చెప్పాడు. నాగులమ్మ కుర్చీలో శిక్ష పడినదానిలా కూర్చుంది. కుప్పయ్య ఆమె గడ్డం కింద మీటరు పెట్టాడు.

"వెలుతురు సాల్లేదక్కా. ఇప్పుడే తీయంలే."

నాగులమ్మ భుజాలు కిందికి దిగాయి. కుర్చీ ఇటు జరిగింది. సాల్లేదు. అటు జరిగింది. సాల్లేదు. ఈలోగా వడియాల సంగతి, పాడి ఆవును అమ్మిన సంగతి వచ్చాయి. నాలుగోసారి సాల్లేదనగానే ఆమెకు ఓపిక చచ్చింది.

"ఈ ఎండకు నా వడియాలు పెళపెళమని ఎండిపోయినాయి, నీకు సాల్లేదా! ఆ డబ్బా యాడ కొన్నావప్పా?" అంటూ నోరంతా తెరిచి నవ్వేసింది. కుప్పయ్య తల గోక్కున్నాడు. మునిచంద్ర నొక్కాడు.

కుప్పయ్య కాఫీ తాగుతుండగా మునిచంద్ర ఆ మీటరును చేతిలోకి తీసుకుని, నేర్చుకున్న పరీక్ష పెట్టాడు. మూశాడు, తీశాడు. ముల్లు కదల్లేదు.

"అన్నా, ఇది సచ్చింది గదా!"

"పన్నెండేండ్లాయ" అన్నాడు కుప్పయ్య నింపాదిగా. "వెలుతురుదేముండాది, ఫిలిం డబ్బా మీద ఎండకెంత, మబ్బుకెంత అని బొమ్మలేసి ఉంటాది. మనిషే కెమెరా ముందర బిగుసుకొని పోతాడు. ఫోటోకు ఇంకా టైముండాదని జెప్తే సాలు, ఎవరి మొగం వాళ్లకు వచ్చేస్తాది."

మునిచంద్రకు ఆ మనిషిని కావలించుకోవాలనిపించింది. పంతులు గనుక ఇంకో కాఫీ పోయించి ఊరుకున్నాడు.

సోమవారం పళ్లు పీకించుకుని, బుగ్గలో దూదితో నాగులమ్మ తిరుపతి స్టూడియోలో తన ఫోటో చూసుకుని, అందులోని వంకరపన్నును వేలితో తడిమింది. అమ్మను అక్కడే కూర్చోబెట్టి మునిచంద్ర వెంకటరమణ దుకాణానికి పరుగెత్తాడు.

"ఆ మొదటి మీటరు ఇయ్యప్పా."

"అది సచ్చింది సామీ!"

"అదే కావాల."