పైవరస పండ్లు

పత్తికొండ టమోటా మార్కెట్లో దేవేంద్రప్పకు ఒళ్లు మండేది పైవరసను చూస్తేనే. పైన నిగనిగలాడే పండ్లు పేర్చి, అడుగున పగిలినవి దాచే రైతు ఆయన ముందు నిలవలేడు. మండీలో కాయ ఎంచే పని ముప్పై ఏళ్లుగా ఆయనదే. మోచేతి దాకా గంపలో చెయ్యి పెట్టి అడుగు పండు లాగుతాడు, ఒక్క చూపు చూస్తాడు. ఆ చూపు మీదే ఆయన ఇల్లు గడుస్తుంది.

ఆ రోజు రైతు బొజ్జన్న గంపల్లో పైనా మచ్చలే, అడుగునా మచ్చలే. దేవేంద్రప్ప మూడు గంపలు పక్కకు తోశాడు.

"మచ్చలకాయ తెచ్చి నాకే అంటగడతాండావా?"

బొజ్జన్న ఒక పండును పంచెతో తుడిచి ఆయన ముక్కు కింద పెట్టాడు. "యాడుండాదప్పా మచ్చ? నీ కంట్లో ఉండాదేమో సూసుకో."

కొట్టబోయినంత కోపంతో తలెత్తాడు దేవేంద్రప్ప. ఎదురుగా కొత్తగా సున్నం కొట్టిన గోడ. దాని మీదా అదే నల్లమచ్చ. కన్ను తిప్పితే అదీ కదిలింది.

కర్నూలులో కంటి డాక్టరు శ్రీవాసవి చుక్కల మందు వేసి లోపల చూసింది. షుగర్ సంగతి అడగ్గానే ఆయన పన్నెండేళ్ల పరీక్ష చీటీలు గర్వంగా బయటికి తీశాడు. అన్నీ మంచి అంకెలే. భార్య మహాదేవమ్మ ఇక ఊరుకోలేకపోయింది. పరీక్షకు రెండు రోజుల ముందు మాత్రమే మాత్రలు మింగి, సగం రొట్టె, గ్లాసు మజ్జిగతో సరిపెడతాడనీ, చీటీ చేతికి రాగానే మాత్రలు అటకెక్కి బెల్లం టీ మొదలవుతుందనీ చెప్పేసింది.

"ఈయప్ప మీకు సూపిచ్చేది పైవరసే తల్లీ."

డాక్టరు మూడు నెలల చక్కెరను పట్టిచ్చే పరీక్ష చేయించింది. అది గంప అడుగు దాకా చెయ్యి పెట్టింది.

కంటి వెనుక పొరలో వెంట్రుకకన్నా సన్నటి రక్తనాళాలు ఉంటాయనీ, ఏళ్ల తరబడి చక్కెర ఎక్కువైతే వాటి గోడల్ని పట్టి నిలిపే కణాలు చచ్చిపోతాయనీ ఆమె చెప్పింది. ఎండకు చివికిన డ్రిప్పు పైపులా గోడ ఉబ్బుతుంది, కారుతుంది, కొన్నిచోట్ల నాళమే పూడిపోతుంది. నెత్తురు అందని చోట కొత్త నాళాలు మొలుస్తాయి గానీ వాటికి బలం ఉండదు, తెగిపోతాయి. ఆయన చూసిన మచ్చ అలా కారిన నెత్తురే. ఇన్నేళ్లూ నొప్పి లేదు గనుక తెలియలేదు. లేజర్‌తో ఉన్న చూపు నిలవచ్చు. పోయినది వస్తుందని మాత్రం ఆమె అనలేదు.

తిరుగు బస్సులో దేవేంద్రప్ప పళ్లు కొరుకుతూనే ఉన్నాడు. పెళ్లాం మీద కాదు, డాక్టరు మీదా కాదు. ఊరందరి గంపలూ తవ్వినవాడు తన గంపలో ఒక్కనాడూ చెయ్యి పెట్టలేదు.

మరునాడు మార్కెట్లో అందరి ముందూ బొజ్జన్నను పిలిచాడు.

"నీ కాయ మంచిదేనప్పా, మచ్చ నాది. శుక్రవారం లేజర్‌కు పోతాండా. కన్ను తేటపడేదాకా గంప ముట్టను." టీ అంగడి వైపు తిరిగి గొంతు పెంచాడు. "ఇంక నాకు బెల్లం టీ ఇచ్చినోని నెత్తిన గంప బోర్లిస్తా."