బస్సొచ్చిన రోజు కడుపునొప్పి

లింగమూర్తి మాటంటే ఆ గల్లీలో వేదవాక్కే. జగిత్యాల పక్క పల్లె నుంచి పంతొమ్మిదో ఏట సూరత్‌లోని ఖటోదరాకు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడానికి వచ్చినవాడు, ఇప్పుడు యాభై దాటాడు. ఆ సాంచాల మోతకు సగం చెవుడొచ్చింది. చెవుడొచ్చాక గొంతు ఇంకా పెరిగింది. ఖాడీ ఒడ్డున, అంటే ఆ మురుగుకాలవ గట్టున, ఆయన ఊరివాళ్లవి ముప్పైనాలుగు ఇళ్లున్నాయి. పెళ్లి కుదరాలన్నా, తగాదా తెగాలన్నా ఆయనే రావాలి.

ఓటు దగ్గర మరీ మొండి. ఊళ్లో ఏ ఎన్నికలొచ్చినా పోటీ చేసేవాడు సూరత్‌కు బస్సు పంపేవాడు. గల్లీకి గల్లీ ఎక్కేది. డ్రైవరు వెనక మొదటి సీటు లింగమూర్తిది. ఊరు చేరగానే కాళ్లకు నీళ్లు, మెడలో దండ, పేరుపేరునా పలకరింపులు! మిగతా రోజులన్నీ సాంచా ముందు నిలబడి కాళ్లు వాచే మనిషికి ఆ రెండు రోజులూ రాజభోగమే అనుకోండి. పోయినసారి పరుశురాం సర్పంచి అయింది పదకొండు ఓట్ల తేడాతో. ఆ పదకొండూ మన బస్సువేనని లింగమూర్తి చెప్పుకోని రోజు లేదు.

జమున మాత్రం బస్సెక్కేది కాదు. చీరలకు రాళ్లు అతికించుకుని బతికే ఒంటరి మనిషి. కొన్నేళ్లుగా సరిగ్గా బస్సొచ్చిన రోజే ఆమెకు కడుపునొప్పి. "నీ కడుపు గూడ పార్టీ వెట్టిందా ఏంది?" అని ఆయన వెక్కిరిస్తే గల్లీ అంతా నవ్వేది.

ఎనిమిదేళ్ల కిందట ఓటర్ల లిస్టు రాసే టీచరమ్మ గల్లీలోకి ఫారాలు తెచ్చింది. "ఈడనే రాయిచ్చుకుందాం అన్నా, ఉండేది ఈడనే గద" అన్నది కూడా జమునే. లింగమూర్తి ఒంటికాలి మీద లేచాడు.

"ఈడ పేరెక్కితే ఆడ పేరు పోతది. ఊరు లేనోళ్లమైతం. నేను సచ్చినా ఒప్పుకోను!"

ఖాళీ ఫారాలన్నీ తనే పోగుచేసి టీచరమ్మ చేతిలో పెట్టి పంపేశాడు. ఎవరూ ఎదురు చెప్పలేదు. ఆయనకు ఎదురు చెప్పి ఆ గల్లీలో ఉండేదెవరు?

ఈ వేసవిలో ఇళ్ల గోడల మీద ఎర్ర గీతలు పడ్డాయి. ఖాడీని వెడల్పు చేస్తారట. ఈ వార్డు ఓటర్ల లిస్టులో ఐదేళ్ల ముందునుంచీ పేరున్నవాళ్లకు వేరేచోట గది ఇస్తారు. లేనివాళ్లు నెలాఖరుకు సామాన్లు సర్దుకోవాలి. పక్క గల్లీవాళ్లందరికీ పేర్లున్నాయి. వీళ్లకు లేవు.

లింగమూర్తి లోపల భయపడ్డా బయటపడలేదు. మనం గెలిపించిన సర్పంచి ఉన్నాడు కదా, ఎవరో పెద్దమనిషితో చెప్పించకపోతాడా అని ఫోన్ చేశాడు.

"పరుశురాం, గిట్ల ఆపతొచ్చింది బిడ్డా. జర పెద్దసారుతోని చెప్పియ్యి."

"ఎట్ల చెప్పియ్యాలె కాకా? మీ పేర్లు మొన్ననే లిస్టులకెళ్లి తీసేసిండ్రు. మీరు ఊళ్లె ఉంటలేరని, నా మీద ఓడిపోయినోడు కాగితం వెట్టిండు."

"నువ్వు అడ్డం వడలేదా?"

"ఇప్పుడు మేమిద్దరం ఒక్క పార్టీల ఉన్నం కాకా."

"ఏమన్నడయ్యా?" అని భార్య భూదేవి రెండుసార్లు అడిగింది. ఆయన ఫోను పక్కన పడేశాడు. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అదీ ఆయన బతుకు. తనొక్కడూ చెడితే చెడనీ, నమ్ముకున్న గల్లీనంతా ముంచాడే!

అభ్యంతరాలు వింటామని వార్డు ఆఫీసులో ఒకరోజు పెట్టారు. గల్లీ అంతా కదిలి వెళ్లింది. గుమాస్తా తలెత్తకుండానే అడిగాడు.

"కాకా, ఆప్‌కా వోట్ ఇధర్ హై క్యా?"

లింగమూర్తి తన ఊరి కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. గుమాస్తా దాన్ని రెండు వేళ్లతో వెనక్కి నెట్టాడు. ఇక్కడ ఓటున్నవాళ్ల మాటే రాసుకుంటాడట. వెనకున్న ఇళ్లవాళ్లకూ అదే జవాబు.

అందరికంటే చివర జమున వచ్చింది. చెంగుముడి విప్పి ఓ కార్డు తీసింది. గుమాస్తా లిస్టు తిప్పి, ఒకచోట వేలు ఆపి, తలూపాడు. పేరుంది.

లింగమూర్తి ఆ కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆ దినం టీచరమ్మ ఎనకాల ఉరికి పేరు రాయిచ్చుకున్న అన్నా. నీకు భయపడి చెప్పలే. ఊళ్లె ఓటు లేకనే బస్సెక్కలే, కడుపునొప్పి గిట్ల ఏం లేకుండె." తప్పు చేసినదానిలా ఏడుస్తోంది పిచ్చిది.

ఏం రాయమంటారో త్వరగా చెప్పమని గుమాస్తా కసిరాడు. జమున కళ్లు తుడుచుకుని, అలవాటు కొద్దీ ఆయన వైపే తిరిగింది.

"ఏమనాలె అన్నా? నువ్వు జెప్పు, నేనంట."

"నన్నడగకు బిడ్డా. నా మాట ఇననందుకే నీకు ఇల్లున్నది."

జమున బల్ల అంచు పట్టుకుని, వచ్చీరాని హిందీలో తనే చెప్పింది. ముప్పైనాలుగు ఇళ్లకూ గదులివ్వండి, నా ఒక్కదానికే అయితే నాకొద్దు అన్నది. గుమాస్తా అంతా రాసుకున్నాడు. ఎంతమంది అభ్యంతరం చెప్పారన్న గడిలో మాత్రం ఒకటి అని వేసి, కాగితం దొంతర మీద పడేశాడు.

లింగమూర్తి ఆ ఒకటిని చూశాడు. గల్లీ మొత్తాన్నీ హడలగొట్టిన ఆ గొంతుతోనే, అందరి ముందూ, గోడకు చేరగిలబడి గొల్లుమన్నాడు.