మా హాల్లో పెద్దపల్లి సోఫా

నేను సోఫాలు కుట్టేవాణ్ని. కరీంనగర్ పెద్దమనుషుల్లో సగం మంది బరువు నా కుట్ల మీదే ఆగి ఉంది. మా ఇంటికి వచ్చినవాళ్లు మాత్రం గోడకు ఆనుకుని నిలబడి చాయ్ తాగేవాళ్లు. ఏడో తరగతిలో లెక్కల సారు నన్ను బెంచీ మీద నిలబెట్టాడు. ఆ రోజు బెంచీ దిగి బయటికి వచ్చినవాణ్ని మళ్లీ బడి లోపలికి పోలేదు. కూర్చునే యోగం నాకు అప్పుడే పోయిందని మా ఇంటామెతో అంటుంటాను.

ఎవరింట్లో ఖాళీ హాలు కనిపించినా నా నోరు ఊరుకోదు. అయిదు వేలయితే జంఖానాలు, ముప్ఫై వేలయితే సోఫా, లక్ష అయితే సోఫా మీద ఎవరినీ కూర్చోనివ్వని ఇంటావిడ అని గిరాకీలకు చెప్తాను. నవ్వుతారు, ముప్ఫై వేల దగ్గర ఆగుతారు. ఈ మధ్య మేము రెండు గదులూ ఒక హాలూ వేసుకున్నాక ఆ లెక్క నా ముందుకే వచ్చింది. గోడలకు సున్నం పడేసరికి చేతిలో మిగిలింది జంఖానాల ధర. రెండు జంఖానాలు, గోడవారగా ఒక చెక్క బెంచీ చాలు అంది మా ఇంటామె. నాకు మనసొప్పలేదు. కొత్తింటి ప్రార్థనకు మా చర్చి సంఘమంతా వస్తుంది. సోఫాలు కుట్టేవాడి హాలే బోసిగా ఉంటే, ఇన్నేళ్లు నేను ఊరి మీద వేసిన జోకులన్నీ ఒక్కపూటలో తిరిగి నా మీద పడతాయి. అదీ నా భయం.

సరిగ్గా అప్పుడే పెద్దపల్లి నుంచి ఒక సోఫా వచ్చింది. ఆదిలాబాద్ టేకు, ఇద్దరు మోస్తే గాని లేవదు. రిటైరయిన ఒక టీచరమ్మది. భర్త పోయాక ఆమె ఒక్కతే ఉంటుంది. ట్రాలీలోకి ఎక్కిస్తుంటే ఒకే మాట చెప్పింది: గుడ్డ నీ ఇష్టం, స్పాంజి నీ ఇష్టం, కుడి చెయ్యి మీద మాత్రం పాలిష్ కొట్టకు అని. భర్త ఏళ్ల తరబడి అరచెయ్యి ఆనించి ఆనించి అక్కడ చెక్క నున్నబడి చిన్న గుంటలా అయింది. సరేనన్నాను. ఆ మాట నిలబెట్టుకున్నాను కూడా. నేను నిలబెట్టుకున్న మాట అదొక్కటే.

నాలుగు రోజుల్లో పని అయిపోయింది. మా ప్రార్థనకు ఇంకా పది రోజులుంది. గిరాకీ సోఫా మనకెందుకని మా ఇంటామె అంటూనే ఉంది. నేను సోఫాను దుకాణం నుంచి తెచ్చి మా హాల్లో వేశాను. పెద్దపల్లి వాళ్లు కరీంనగర్‌లో మా గల్లీకి ఎందుకొస్తారు అనుకున్నాను. టీచరమ్మ ఫోన్ చేస్తే, హైదరాబాద్ నుంచి గుడ్డ రాలేదని చెప్పాను. రెండోసారి మళ్లీ ఆమే చేసింది.

"కింద కూసుంటే లేవస్తలేదు బిడ్డా. మోకాళ్లు పట్టుకుంటున్నయి. జర జల్ది చెయ్యి."

అప్పటిదాకా నిలబడే ప్రార్థన చెయ్యమ్మా, పైకి తొందరగా వినబడుతుంది అన్నాను. ఆమె నవ్వింది. నేనూ నవ్వాను.

ప్రార్థన రోజు పాస్టరు అయ్యగారు ముందుగా వచ్చారు. సోఫా చూసి ఎక్కడిదని అడిగారు. ఈ ఇంటికోసమే చేసుకున్నానని అందరూ వినేటట్టు చెప్పాను. ఆయన మెచ్చుకుని, జంఖానా మీద బాసింపట్టు వేసుకుని కింద కూర్చున్నారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఇంటి ప్రార్థన అంటే మా వాళ్లంతా కిందే కూర్చుంటారు. ఇంట్లో ఉన్న కుర్చీలు, మంచాలు కూడా వాకిట్లోకి తీసేస్తారు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే, సోఫా మోజులో మరిచిపోయాను. ఇద్దరు యువకులు సోఫాను బయట పెడదామని లేపబోయారు కూడా. ఉండనివ్వండని ఆపాను. హాలంతా జనం, గోడవారగా ఖాళీ సోఫా. మా ఇంటామె నా వైపు చూడనైనా లేదు.

పాట మొదలయ్యాక మా గల్లీ చివరింటి ఆమె తన అక్కను చెయ్యి పట్టి తీసుకొచ్చింది. ఆ అక్క పెద్దపల్లి టీచరమ్మ.

నా నోట్లో పాట అక్కడే ఆగిపోయింది. ఆమెకు మోకాళ్ల నొప్పులని చెల్లెలు చెప్పగానే, అయ్యగారు తానే లేచి ఆమెను పైన కూర్చోబెట్టారు. అంత మందిలో సోఫా మీద కూర్చున్నది ఆమె ఒక్కతే. కొత్త గుడ్డ కదా, మొదట పోల్చుకోలేదు. కాసేపటికి కుడి చెయ్యి దానంతటదే సోఫా చెయ్యి మీదికి పోయింది, ఆ గుంట దగ్గర ఆగింది. ఆమె తల వంచి చూసుకుంది. తర్వాత నన్ను చూసింది.

ఈ ఇంట అడుగుపెట్టిన వారికి విశ్రాంతి దొరకాలని అయ్యగారు ప్రార్థించారు. ఆమెన్ అన్నవాళ్లలో ఆమె గొంతు నాకు విడిగా వినపడింది. అందరూ లేచాక కూడా నేను కళ్లు తెరవలేదు. భక్తి అనుకున్నారు.

తెల్లారి సోఫా ట్రాలీలో వేసుకుని పెద్దపల్లి పోయాను. ఆమె హాలు చూశాను. మధ్యలో స్నానాల గదిలోంచి తెచ్చిన ప్లాస్టిక్ స్టూలు ఒకటి, లేవడానికి ఊతంగా గోడకు ఆనించిన కర్ర ఒకటి. ఇంకేమీ లేదు. బోసి హాలంటే నవ్వుతారని నేను భయపడ్డ ఆ పది రోజులూ ఈమె ఇలా ఉంది.

క్షమించమని అడగాలనే పోయాను. దారి పొడుగునా ఆ మాటే అనుకున్నాను. కానీ సోఫా దించి నిలబడగానే నా నోరు దానికి అలవాటైన పనే చేసింది.

"ఏం లేదమ్మా, నీ సోఫా మా ఇంటికి చుట్టంగ వచ్చింది, గంతే."

ఆమె మెల్లగా వచ్చి కూర్చుంది. కుడి చెయ్యి గుంటలో పెట్టుకుంది. కోపం లేదు ఆ ముఖంలో.

"నీ ఇంట్ల నన్ను మంచిగనే కూసోవెట్టినవ్ బిడ్డా. గిన్ని దినాలు నా ఇంట్ల నన్నెవలు కూసోవెట్టాలె?"